సవతి బిళ్ళ

దయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళుమంటే గానీ భయం లేదు. మా వైపు దయ్యాలు కోడళ్ళకే పట్టేవి, అత్తలకు పట్టగా నేనొక్కసారీ చూడలేదు. అయినా మా అక్క సంగతి చెప్పక తప్పదు.

మాది ధర్మవరం. అరవైల్లో అక్కను పెనుకొండ దగ్గర రెండో పెళ్ళివాడికి ఇచ్చారు. మొదటి భార్య నాగమ్మ జ్వరంతో పోయిందన్నారు. ఆచారం ప్రకారం ఆమె పేరున చేయించిన వెండి బిళ్ళను అక్క మెడలో కట్టారు. దాన్ని సవతి బిళ్ళ అంటారు. చచ్చినామె శాంతిస్తుందట!

కొన్నాళ్ళకు అక్కకు గొంతులో కుడిపక్క పోటు మొదలైంది. చెవిలోకి పొడిచేది. రాగిసంగటిని మేం నమలం, ముద్ద ముద్దే మింగుతాం. అక్క నమిలి నమిలి ఏడ్చేది.

"మారాణికి సంగటి దిగల్యా!" అని అత్త దెప్పేది. తర్వాత సవతే గొంతు పట్టుకుందని తేల్చి, బిళ్ళకు పూజ చేసి కోడిని కోశారు. కోడిని వాళ్ళే తిన్నారు. అక్క గంజి కూడా మింగలేక పుల్లయిపోయింది. ఇక బతకదనుకున్నాను.

నేను చూడ్డానికి పోయిన మధ్యాహ్నం, మంచంలో ఉన్న అక్క లేచి కూర్చుని, తనది కాని గొంతుతో అంది.

"ఏలు పెట్టి సూడండి. ఎముకుండాది. నాకెవురూ సూడల్యా."

అత్త ముఖం పాలిపోయింది. "ఏమత్తా, నాగమ్మకేమైంది?" అని నిలదీశాను.

"దానికీ ఇదే నొప్పి. కుడిపక్కే. తిండి దిగక సచ్చిపాయ."

జ్వరమని చెప్పారు పాపిష్టివాళ్ళు!

మర్నాడే అక్కను హిందూపురం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బ్యాటరీ లైటు వేసి చూసి ఏమీ లేదన్నాడు. వేలు పెట్టి చూడమని బతిమాలాను. విసుక్కుంటూనే గొంతులో పక్కన నొక్కాడు. అక్క కెవ్వుమంది. ఆయన వెంటనే ఎక్స్‌రే తీయించాడు. చెవి కిందినుంచి దిగే సన్నటి ఎముక అందరికీ ఉంటుందట, అక్కకు అది గొంతులోకి పొడుగ్గా పెరిగింది. చాలా అరుదట. బెంగుళూరులో ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. గాయం మానాక అక్క మా ఇంట్లో సంగటి మింగింది. నాయన ఏడ్చేశాడు.

ఇది అంటుకునే జబ్బు కాదన్నాడు డాక్టరు. నాగమ్మకూ అక్కకూ రక్తసంబంధం లేదు. ఆ రోజు అన్న మాట అక్కకు గుర్తే లేదు. అది ఎవరన్నారో నాకిప్పటికీ అంతుపట్టదు.

బిళ్ళ తీసి పారేయమన్నాను. అక్క దాన్ని గుప్పిట్లో పట్టుకుంది.

"యాడికి పోతాదే పాపం? ఆ ఇంట్లో నా నొప్పి నమ్మింది ఆయమ్మ ఒక్కతే."