నా పెళ్ళికి గట్టిమేళం

మా నాన్న రాయపూర్ స్టేషనులో పాయింట్స్‌మన్. మామూలు రోజుల్లో పట్టాలు మార్చేవాడు, ముహూర్తాల రోజుల్లో సెలవు పెట్టి సన్నాయి వాయించేవాడు. విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ మావాళ్ళ పెళ్ళిళ్ళలో, పురోహితుడి వేలు లేవగానే గట్టిమేళం అందుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. తాళి కట్టే వేళ ఎవరు తుమ్మినా వినపడకూడదు కదా. నాన్న వాయిస్తుంటే గూడ్సు బండి పోయినా వినపడేది కాదు. నా పెళ్ళిలో కన్యాదానం కాగానే ఆయన లేచి సన్నాయి పట్టుకోవాలని చిన్నప్పటి నుంచీ నా కోరిక.

అంతలో మద్రాసులో గ్రామఫోను కంపెనీ ఒకటి ఆయన్ని పిలిపించింది. అమ్ముడైన ప్లేటుకు ఇంత చొప్పున కావాలా, ఒకేసారి రొక్కం కావాలా అని అడిగారట. "ఎన్ని అమ్మారో నానెక్కడ సూడగల్ను?" అని నాన్న రొక్కమే పుచ్చుకుని, ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టి, ప్లేటుకు గట్టిమేళం వాయించి వచ్చాడు. మా బుకింగు గుమస్తా దాన్ని చదివి, "ఇంకెవరికీ వాయించకూడదని రాశారయ్యా" అని తేల్చాడు. మరొకరైతే నవ్వి ఊరుకునేవారు. నాన్న రూలు పుస్తకాన్ని కళ్ళకద్దుకునే మనిషాయె, ఆ సాయంత్రమే సన్నాయిని గుడ్డలో చుట్టి అటకెక్కించాడు.

ఊరికేం లోటు రాలేదు. స్టేషను అవతలి గుఢియారీ పేటలో మైకుసెట్టు అద్దెకిచ్చే ఆసామి ఆ ప్లేటు కొన్నాడు. ప్లేటుకు తాంబూలం అక్కర్లేదు, బట్టలు పెట్టక్కర్లేదు, డోలువాళ్ళకు భోజనాలూ అక్కర్లేదు. నాన్న పంక్తిలో కూర్చుని తన సన్నాయి తానే వింటూ పప్పన్నం తినేవాడు. "నీ ప్లేటే పెట్టించాం" అని పెళ్ళివారు ఆయనకే గొప్పగా చెప్పేవారు.

"నా ఒక్కదాని పెళ్ళికి వాయించు నానా" అని ఏడ్చాను. వినలేదు. ఆ మైకే వచ్చింది. పీటల మీద ఇంకా మంత్రాలు సాగుతుండగానే, "అబ్ బజా దూఁ?" అని, ఇక ప్లేటు పెట్టెయ్యనా అన్నట్టు, మైకువాడు అడిగాడు. ఎవరో తల ఊపారు. ప్లేటు మూడు నిమిషాలది, మా పురోహితుడు తొందరపడే మనిషి కాదు. తాళి నా మెడ దాకా వచ్చేసరికి మైకులో మిగిలింది గరగర ఒక్కటే. ఎవరో నిక్షేపంలా తుమ్మారు. నాన్న వంక చూశాను. ఒళ్ళో పెట్టుకున్న చేతుల వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. "సంతకం సేసీసాను కదమ్మా" అన్నాడు, నేనేమీ అడక్కుండానే. ఆయన మీద అంత కోపం నాకు మళ్ళీ ఎన్నడూ రాలేదు.

కొన్నేళ్ళకు, అకౌంట్సు ఆఫీసులో పనిచేసే మా ఆయన ఆ కాగితం చదివారు. నాన్న వాయించకూడనిది ఇంకో గ్రామఫోను కంపెనీకట. పెళ్ళిళ్ళ ఊసే అందులో లేదు. అప్పటికి నాన్నకు ముందుపళ్ళు ఊడిపోయాయి, సన్నాయి నోట నిలిచే దారి లేదు.

"అల్లుడుగారు ఆ కాగజ్ సదివారంట. ఏటుందమ్మా అందులో?" అని అడిగాడు.

"గుమస్తా చెప్పిందే నానా" అన్నాను.

"అదీ! నీ పెళ్ళిలో వాయించీసుంటే జైలే గదా" అన్నాడు నాన్న, తృప్తిగా.