నేను ఎక్కించని వరస

ఎనభైల చివర్లో రెండేళ్లపాటు నేను నరసరావుపేటలో కంప్యూటర్ జాతకాలు వేసే చోట పనిచేశాను. మా నాన్న మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవాడు. ఆయన కూతురు పోయి పోయి జాతకాల దగ్గర కుదిరిందని తెలిసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

"టైపు పనే కదా నాన్నా" అన్నాను మూడో రోజు.

"టైపు చేసేది ఏందో కూడా చూసుకోవాలమ్మా" అన్నాడాయన. అంతకు మించి అడ్డు చెప్పలేదు. టైపు హయ్యర్ పాసై ఏడాదిన్నరగా ఇంట్లో కూర్చున్నాను మరి.

నన్ను పనిలో పెట్టుకున్నది ఒక రిటైరైన లెక్కల మాస్టారు. స్టేషన్ రోడ్డు పక్క సందులో రెండు గదుల ఇల్లు ఆయనది. భార్య పోయి అప్పటికి ఏడాది దాటింది. పిల్లల్లేరు. ముందు గదిలో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటరు ఉండేది. పుట్టిన తేదీ, సమయం, ఊరు కొడితే గ్రహాల స్థానాలు, దశలు లెక్కగట్టే ప్రోగ్రాం మాస్టారే ఏళ్ల తరబడి కూర్చుని రాసుకున్నారు. ప్రింటు ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చేది. దాన్ని తెలుగులో గుండ్రంగా రాసి ఇవ్వడం నా పని. చిలకలూరిపేట నుంచి, వినుకొండ నుంచి, అటు మాచర్ల దాకా మనుషులు వచ్చేవాళ్లు. కంప్యూటరు చెప్పిందంటే తిరుగు లేదని నమ్మకం జనానికి.

నాకు ఆ నమ్మకం లేదు. రాశులన్నా నక్షత్రాలన్నా నాకు అక్షరాలే. మందుల షాపులో గుమాస్తా సీసాల మీద పేర్లు చదివినట్టు చదివేదాన్ని.

ఆ పాత కంప్యూటరులో ప్రోగ్రామూ, వచ్చినవాళ్ల వివరాలూ అన్నీ టేపురికార్డరు క్యాసెట్లలోనే ఉండేవి. ప్లే నొక్కితే కీచుమని ఒక అరుపు మొదలై రెండు మూడు నిమిషాలు సాగేది. ఆ అరుపు సరిగా వినబడితేనే కంప్యూటరు ఎత్తుకునేది. నేను చేరిన మొదటి వేసవికల్లా క్యాసెట్లు మొరాయించడం మొదలుపెట్టాయి. వీధి చివర రేడియోలు బాగుచేసే సాయిబు మామ వచ్చి, టేపురికార్డరు హెడ్డు తుడిచి, చిన్న స్క్రూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది చానా రోజులు రాదు తల్లీ. టేపు అరిగిపోయింది. ఉన్నదాన్ని తొందరగా వేరే దాంట్లోకి మార్చుకోండి" అన్నాడు.

మాస్టారు హైదరాబాద్ నుంచి కొత్త కంప్యూటరు తెప్పించారు. పెద్ద పెట్టె, పచ్చ అక్షరాల తెర, పల్చటి నల్ల ఫ్లాపీలు. పాత దాన్నుంచి కొత్త దానికి వైరు తగిలించే దారి లేదు. క్యాసెట్టు దీనికి తెలియదు, ఫ్లాపీ దానికి తెలియదు. కాబట్టి రెంటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, దీంట్లో చూస్తూ దాంట్లో కొట్టాలి. మూడు వందల పైచిలుకు మనుషుల పుట్టుకలు, నలభై పేజీల ప్రోగ్రాము.

సరిగ్గా అప్పుడే మాస్టారికి కంటి ఆపరేషను అయింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి చూపు అంతంతమాత్రం. పక్కన పడక్కుర్చీలో కూర్చుని నా వేళ్ల చప్పుడు వింటూ ఉండేవారు.

"ఉన్నది ఉన్నట్టు కొట్టు. నీ తెలివి వాడొద్దు" అనేవారు.

ముందు మనుషుల వివరాలు ఎక్కించాను. ఒక పేరు దగ్గర ఆగాను. మా చర్చి వెనక ఇంటివాళ్ల అబ్బాయి. సాగర్ కాలవలో పడి పోయి అప్పటికి ఆరు నెలలు.

"చనిపోయిన వాళ్లవి కూడా ఎక్కించాలా మాస్టారూ?"

"ఎక్కించు. వాళ్లవి ముందు ఎక్కించు" అన్నారు.

ఎందుకు ముందో నేను అడగలేదు. మధ్యాహ్నం కరెంటు పోయి, ఎండకు తలుపులు మూసిన గదిలో ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ఆ మాట మాత్రం నా చెవిలో నుంచి పోలేదు.

తర్వాత ప్రోగ్రాము. అందులో ప్రతి వరసకూ పదేసి చొప్పున పెరిగే ఒక నంబరు ఉంటుంది. రెండు వారాలు కొట్టేసరికి దాని నడక నాకూ కొంచెం అర్థమైంది. మూడు వేల రెండు వందల పదో వరస దగ్గరకొచ్చాను. ఆ వరస చేసేదల్లా ఒక్కటే, అక్కడి నుంచి మూడు వేల ఆరు వందలకు దూకమని మిషన్‌కు చెప్పడం. అంటే మధ్యలో ఉన్న ముప్పై ఎనిమిది వరసలూ ఎప్పటికీ నడవవు. ఇంత కష్టపడి రాసి, నడవకుండా ఎందుకు వదిలేస్తారు? పొరపాటున పడిందనుకున్నాను. మాస్టారు ఆ పూట కంట్లో చుక్కల మందు వేయించుకుని వెల్లకిలా పడుకున్నారు. అడిగితే లేవాలి. అడగలేదు. ఆ ఒక్క వరస వదిలేసి మిగతాదంతా కొట్టాను.

నా తెలివి వాడాను. తప్పు సరిదిద్దానని లోపల కొంచెం గర్వం కూడా.

సరిచూసుకోవడానికి మూడు పాత జాతకాలను రెండు మిషన్లలోనూ వేయించారు మాస్టారు. గ్రహాల స్థానాలు నేను పైకి చదివాను. అన్నీ సరిపోయాయి. కొత్త దాంట్లో అడుగున ఒక వరస ఎక్కువ వచ్చింది. ఎ, వై, యు, పక్కన రెండు సంఖ్యలు. పాత దాంట్లో లేదు కాబట్టి దాన్ని పైకి చదవలేదు. కొత్త మిషన్ కదా, ఇంకో వరస ఇస్తున్నదిలే అనుకున్నాను.

అట్లా పది రోజుల్లో ఏడు కాగితాలు బయటికి వెళ్లాయి. ప్రతి దాని అడుగునా, అర్థమేంటో ఆలోచించకుండా, నా గుండ్రటి చేతిరాతతో "ఆయు" అని రాసి పక్కన అంకెలు వేశాను.

పదకొండో రోజు వినుకొండ దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చింది. కొడుక్కి సంబంధం చూస్తూ జాతకం వేయించుకుపోయిన మనిషి. కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని వచ్చింది.

"అమ్మాయ్, మా ఊళ్లో పంతులుగారికి చూపించా. అంతా చదివాడు. ఈ అడుగు వరస కాడికొచ్చి గమ్మున కాయితం మడిచి ఇచ్చేశాడు. ఏందయ్యా అంటే పేటలో ఇచ్చినోళ్లనే అడగమన్నాడు. ఏముందమ్మా అందులో?"

నేను కాగితం తీసుకుని పైకి చదివాను. "ఆయు, ముప్పై ఒకటి, నాలుగు."

పడక్కుర్చీలో మాస్టారు లేచి కూర్చున్నారు. "మళ్లీ చదువు."

చదివాను. ఆయన చెయ్యి చాపారు. కాగితం ఇస్తే తడుముకుంటూ అడుగు భాగం చించి జేబులో పెట్టుకున్నారు. "కొత్త మిషన్ తల్లీ, తప్పు ముద్రించింది. మీ వాడికేం భయం లేదు" అన్నారామెతో. ఆమె మిగిలిన కాగితం మడుచుకుంది గానీ గుమ్మం దిగేదాకా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. కొడుక్కి అప్పుడు ఇరవై ఏడు.

ఆమె వెళ్లాక మాస్టారు అడిగారు. "ఆ దూకే వరస ఎవరు తీసేశారు?"

"నేనే. పొరపాటున పడిందనుకున్నా."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. గోడవైపు మొహం పెట్టి మెల్లగా చెప్పారు. "ఆయుష్షు కట్టే లెక్క అది, ఏళ్లూ నెలలూ. రాసేటప్పుడు సరదాగానే రాశా. పోయినవాళ్ల జాతకాలు ముందు పెట్టి సరిపోతుందా లేదా అని చూశా. కొన్ని సరిపోయినై, కొన్ని పోలా. తర్వాత మా ఆవిడది వేశా. లెక్క ప్రకారం ఆ ఏడు శ్రావణం దాటకూడదు."

"దాటలేదా?"

"దాటింది. ఇంకో మూడేళ్లు బతికింది. లెక్క తప్పు. కానీ ఆ మూడేళ్లూ ఆమె దగ్గితే నేను లేచి కూర్చునేవాణ్ణి. పొద్దున కాస్త ఆలస్యంగా లేస్తే తలుపు దగ్గర నిలబడి ఊపిరి తీస్తున్నదా అని చూసేవాణ్ణి."

"ఆమెకు చెప్పారా?"

"చెప్పక్కర్లా. నా మొహంలో కనిపెట్టింది. ఒకరోజు తనే అడిగింది, ఇంకెంతుందండీ నాకు అని."

మరి ఆ వరసలన్నీ చెరిపేయకుండా ఎందుకు ఉంచారని అడిగాను.

ఆయన ఆ ముప్పై ఎనిమిది వరసలూ తీసేయమని, మిగిలిన ఆరుగురి చిరునామాలూ రాసిపెట్టమని చెప్పి లోపలికి వెళ్లారు. నేను తీసేయడానికే కూర్చున్నాను. కానీ ముందు నా పుట్టిన తేదీ కొట్టాను. మా ఇంట్లో బైబిలు మొదటి పేజీలో నాన్న మా అందరి పుట్టుకలూ రాశాడు. నా పేరు పక్కన "తెల్లవారుజామున" అని ఉంది తప్ప గంట లేదు. అయిదు అని కొట్టాను. ఒక సంఖ్య వచ్చింది. అయిదుంపావు అని కొట్టాను. ఇంకో సంఖ్య, పాతికేళ్ల తేడాతో. పావుగంటకు పాతికేళ్లు మారే లెక్క ఎంత పిచ్చిదో అక్కడే తెలియాలి. తెలిసింది కూడా. అయినా ఆ రెండు సంఖ్యల్లో పెద్దది నాకిప్పుడు గుర్తులేదు. చిన్నది ఉంది. తర్వాత వరసలు ఒక్కొక్కటే చెరిపేశాను.

మర్నాటి నుంచి మాస్టారూ నేనూ బస్సుల్లో తిరిగాం. వద్దన్నా ఆయన వినలేదు. కంటి కట్టుతో, నా భుజం పట్టుకుని నడిచేవారు. మిషన్ తప్పు ముద్రించిందని చెప్పి, కొత్త కాగితం ఇచ్చి పాతది తీసుకోవడం, అంతే. అయిదు చోట్ల ఏ ఇబ్బందీ కాలేదు. ఇద్దరైతే అసలు అడుగుదాకా చదవనే లేదు.

ఆరో ఇల్లు గురజాల దాటి లోపలికి. సున్నపురాయి తోలే లారీ డ్రైవరు. లారీ ఒకసారి కల్వర్టు గోడకు గుద్దుకుంటే, రోజులు బాగాలేవేమోనని అతని భార్య పేటకు వచ్చి జాతకం వేయించింది. మేం వెళ్లేసరికి మధ్యాహ్నం. ఊరంతా నాపరాళ్ల గోడలు, వాటి మీద నుంచి కొట్టే సెగ. లారీ వేపచెట్టు కింద ఆగి ఉంది. చక్రాల చుట్టూ ఆకులు రాలి పేరుకున్నాయి. చాలా రోజులుగా కదలలేదని చూడగానే తెలిసింది.

అతను వసారాలో మంచం మీద పడుకుని ఉన్నాడు. దిట్టమైన మనిషి. జబ్బేమీ లేదు.

"ఏమయ్యో, పేట నుంచి జాతకాల మాస్టారొచ్చారు" అంది భార్య. అతను లేచి కూర్చున్నాడు.

మాస్టారు చెప్పాల్సింది చెప్పారు. తప్పు పడిందనీ, మిషన్ కొత్తదనీ, ఆ కాగితం ఇచ్చేయమనీ. అతను అంతా విన్నాడు. మాస్టారి కంటి కట్టు చూశాడు, దుమ్ము పట్టిన చెప్పులు చూశాడు, నన్ను చూశాడు.

"తప్పైతే ఇంతదూరం ఎందుకొచ్చారు?"

మాస్టారు కొత్త కాగితం ముందుకు చాపారు.

"కళ్లు కనపడని మనిషి, ఇంత ఎండన, రెండు బస్సులు మారి వచ్చాడంటే తప్పు కాదది" అన్నాడతను భార్య వైపు తిరిగి. గొంతులో కోపం లేదు. ఆమె స్తంభానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

నేనే కల్పించుకున్నాను. "అన్నా, తప్పు నాది. ఒక వరస కొట్టడం మానేశా. దాంతో పిచ్చి లెక్క బయటికొచ్చింది. నాది నేను వేసుకున్నా, పావుగంటకు పాతికేళ్లు తేడా వచ్చింది."

"నీది కూడా వేసుకున్నావా?" అన్నాడు. నా భుజం మీద మాస్టారి చెయ్యి బిగిసింది. ఆ సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు.

కాగితం ఇవ్వలేదతను. ఎక్కడ పెట్టాడో భార్యకు కూడా చెప్పలేదట. మంచినీళ్లు ఇచ్చారు, తాగి వచ్చేశాం. బస్సులో మాస్టారు నన్ను ఒక్కటే అడిగారు. "ఎంత వచ్చింది?" నేను చెప్పలేదు.

అతని కాగితంలో నేను రాసింది ముప్పై తొమ్మిది, రెండు. అతని పుట్టిన తేదీని బట్టి ఆ నెల ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. ఆ నెలంతా గురజాల వైపు నుంచి ఎవరొచ్చినా, ఏం వార్త తెచ్చారోనని వాళ్ల మొహాలు చూసేదాన్ని. నెల గడిచింది. ఆ తర్వాత పదిహేను రోజులకు అతనే వచ్చాడు. చిక్కిపోయాడు. బల్ల ముందు కూర్చుని కొత్త కంప్యూటరు వైపు చూపించాడు.

"అది దాటిపోయింది. ఇప్పుడు సరిగ్గా కట్టి చెప్పండి, ఇంకెంతుందో."

"అది లేదిప్పుడు. తీసేశాం" అన్నారు మాస్టారు. కట్టు విప్పాక ఆయనకు చూపు బాగానే వచ్చింది. అతని మొహం చూడగలుగుతున్నారు. "నీకేంటయ్యా, నూరేళ్లు."

"లెక్క కట్టకుండానే చెప్తన్నారు" అన్నాడతను. సాయంత్రం బస్సు వేళ దాకా అక్కడే కూర్చుని లేచి వెళ్లిపోయాడు.

ఆ మరుసటి ఎండాకాలం నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది, పని మానేశాను. మాస్టారు కూడా ఎక్కువ రోజులు నడపలేదని విన్నాను. వినుకొండ ఆమె కొడుకు సంగతి ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం రాలేదు.

డ్రైవరును మాత్రం ఇంకోసారి చూశాను, ఏడెనిమిదేళ్ల తర్వాత, గురజాల బస్టాండులో. బడి పని మీద మాచర్ల వెళ్తున్నాను. బస్సెక్కి సీటు వెతుక్కుంటుంటే కిటికీ పక్కన అతను. జుట్టు నెరిసింది గానీ మనిషి బాగానే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. పలకరించబోయాను. అతను ఒళ్లో సంచి తీసుకుని, పక్కవాళ్లను జరగమని, నా మొహం వంక చూడకుండా, మాచర్లకు తీసుకున్న టిక్కెట్టు చేతిలో ఉండగానే బస్సు దిగిపోయాడు.