ఎవరి తూటా?

ఖోస్త్ కొండల కింద స్పీన్ కలై అనే ఊరుంది. పష్తోలో స్పీన్ అంటే తెలుపు, కలై అంటే ఊరు. "మా ఊరి పేరులోనే స్పిన్ ఉంది, మాకెవడు నేర్పాలిరా!" అని క్రికెట్ ఆడే అక్కడి కుర్రాళ్లు పక్క ఊళ్ల వాళ్లను ఉడికిస్తుంటారు. ఆ ఊరికి ఇంకో అలవాటు ఉంది. పెళ్లయితే తుపాకీ, సున్తీ అయితే తుపాకీ, పండగ నెలవంక కనిపిస్తే తుపాకీ. సంతోషం వచ్చిందంటే చాలు, మేడెక్కి ఆకాశాన్ని కాల్చాల్సిందే. పైకెళ్లిన తూటా కిందికే వస్తుందని తెలియనంత అమాయకులేం కాదు వాళ్లు. తెలిసే కాలుస్తారు. ఒళ్లు మండేది అందుకే.

బరియాలై పుట్టినప్పుడు అతని తండ్రి షిరీన్ దిల్ కూడా కాల్చాడు. వరసగా ఆడపిల్లల తరవాత మగపిల్లాడు మరి. కొండ మీది పైన్ చెట్లెక్కి చిల్గోజా కాయలు కోసి బతికే మనిషి, ఆ ఏడు అమ్మిన గింజల డబ్బులో సగం మందుగుండుకే తగలేశాడు. "నీ చెవిలో అజాన్ కంటే ముందు తుపాకీ మోతే పడిందిరా," అని తల్లి ఇప్పటికీ దెప్పుతుంది. బరియాలై అంటే గెలిచినవాడని అర్థం. పేరైతే ఘనంగానే పెట్టారు.

ఊరి పక్కన ఎండిపోయిన వాగే వాళ్ల మైదానం. టెన్నిస్ బంతికి కరెంటు వాళ్ల టేపు చుట్టి ఆడేవాళ్లు. టేపు చుట్టిన బంతి నున్నగా ఉంటుంది, మణికట్టు ఒక్కటే తిప్పితే మాట వినదు. చూపుడు వేలూ మధ్య వేలూ కలిపి చిటిక వేసినట్టు గెంటాలి, అదీ వేగంగా. బరియాలై అలా గెంటిన బంతి ఒకసారి బయటికి తిరిగేది, ఇంకోసారి అదే చేత్తో, అదే ఊపుతో లోపలికి దూరేది. వికెట్ల వెనక నిలబడే స్నేహితుడు జలాత్‌కు కూడా ఏది ఎటు పోతుందో అంతుపట్టేది కాదు.

"ఒరేయ్, నాకైనా చెప్పి వెయ్యరా! నా పళ్లు రాలేటట్టున్నాయి!"

"నీకు చెప్తే నీ మొహం చూసి బ్యాట్ పట్టుకున్నవాడు కనిపెట్టేస్తాడు. నీ పళ్లు పోతే పోయాయి, నా గూగ్లీ బతకాలి."

పదిహేడో ఏట జిల్లా జట్టులో ఆడాడు. మరుసటి ఏడు కుర్రాళ్ల జాతీయ జట్టు శిక్షణకు కాబూల్ రమ్మని పిలుపొచ్చింది. అక్కణ్నుంచి విదేశాల్లో పోటీలకు తీసుకెళ్తారు. రేడియోలో అతని పేరు చదివి, "ఆశలు రేపుతున్న కుర్ర స్పిన్నర్" అన్నారు. "ఆశలు రేపడమేమిట్రా, దుమ్ము రేపినట్టు?" అని తల్లి నవ్వింది. షిరీన్ దిల్ నవ్వలేదు. లేచి బయటికెళ్లి, ఊరంతా ఒకసారి తిరిగొచ్చాడు. ఎందుకు తిరిగాడో అందరికీ తెలుసు. కనిపించిన ప్రతివాడితోనూ చెప్పుకోవడానికే.

శనివారం ప్రయాణం. అంతకు ముందు రోజు దేశం జట్టు ఎక్కడో దూరదేశంలో పెద్ద జట్టుతో ఆడుతోంది. ఊరు ఊరంతా ఊరిపెద్ద మలిక్ పాయందా చావడిలో టీవీ ముందు చేరింది. బరియాలై మాత్రం వెళ్లలేదు. ఎండ తగ్గుతున్న వేళ వాగులో ఒక్క కర్ర పాతుకుని దానికి బంతులు వేసుకుంటున్నాడు. దేశం జట్టే గెలిచింది. చావడిలోంచి కేకలు లేచాయి, వెనకే మేడల మీద తుపాకులు మొదలయ్యాయి. బరియాలై కూడా నవ్వుకున్నాడు. పరుగెత్తుకొచ్చి చెయ్యి పైకెత్తాడు. కందిరీగ కుట్టినట్టయింది. బంతి ఎదర ఉన్న కర్ర వైపు పోకుండా కాళ్ల దగ్గరే పడింది. ఏమైందా అని చూసుకుంటే అరచేతిలోంచి అవతలి మట్టి కనిపించింది.

ఎముక అతుకుతుందన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. నరం తెగిందన్నాడు. చూపుడు వేలూ మధ్య వేలూ ఇక వంగవన్నాడు.

సరిగ్గా ఆ రెండు వేళ్లే! ఆ దేశం గర్వంగా చెప్పుకునేదే స్పిన్నర్ల గురించి, ఆ స్పిన్నరు చేతినే ఆ గర్వంతో కాల్చిపారేశారు. శత్రువు కాలిస్తే పగైనా పట్టొచ్చు. సంబరం కాలిస్తే ఎవరి గొంతు పట్టుకోవాలి?

బరియాలై పట్టుకోవాలనే చూశాడు. కట్టు కట్టిన చేత్తో ఇంటింటికీ తిరిగాడు. "నాది కాదు, నేను కొండవైపు కాల్చాను," అన్నాడొకడు. "నేను నిట్టనిలువుగా పైకి కాల్చాను బిడ్డా," అన్నాడు ఇంకో పెద్దాయన.

"నిట్టనిలువుగా కాలిస్తే నీ నెత్తినే పడాలి కాకా. పడలేదే!"

కాబూల్‌కు ఇంకొకడెవరో వెళ్లాడు. రేడియో వాళ్లు ఆ కొత్తవాణ్ని కూడా ఆశలు రేపుతున్న కుర్ర స్పిన్నర్ అనే అన్నారు. బరియాలై రేడియోను గోడకేసి కొట్టాడు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎడమ చేత్తో తినడం ఆ ఇంట్లో తప్పు, కుడిచెయ్యి పనికిరాదు. పూటపూటా షిరీన్ దిలే రొట్టె తుంచి, పులుసులో ముంచి, కొడుకు నోట్లో పెట్టేవాడు. ఆ కొండంత మనిషి తలెత్తేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే ఊరి పెద్దలు వాకిట్లోకి వచ్చారు. తప్పు చేసినవాళ్లు గొర్రెను తోలుకుని బాధపడ్డవాడి గడప దగ్గరికొచ్చి నిలబడితే, అతను మాఫ్ చెయ్యాల్సిందే. దాన్నే ననవాతె అంటారు. మలిక్ పాయందా ముందు నిలబడ్డాడు. వెనక అన్నీ తెల్లగడ్డాలే. స్పీన్ కలైలో తెల్లగా మిగిలినవి ఆ గడ్డాలొక్కటే అనుకున్నాడు బరియాలై.

"ఎవరి తరఫున వచ్చారు కాకా?"

"ఊరి తరఫున బిడ్డా."

"ఊరికి వేలుండదు. ట్రిగ్గర్ నొక్కింది ఒక వేలు. ఆ వేలున్నవాణ్ని రమ్మను."

"అందరం కాల్చాం. ఎవరిదని చెప్తాం?"

"అంటే ఎవరిదీ కాదన్నమాట! చేతికి చిల్లు దానంతటదే పడిందన్నమాట!"

మలిక్ గొంతు తగ్గించాడు. "గడప దగ్గరికొచ్చిన ఊరిని కాదన్నవాడు మన తాతల కాలంలో కూడా లేడురా."

"సరే కాకా. రేపు మన జట్టు మళ్లీ గెలుస్తుంది. అప్పుడు కాల్చమని ఒట్టు పెట్టండి. ఈ క్షణమే మాఫ్ చేస్తా."

తెల్లగడ్డాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వెనకనుంచి ఎవరో నసిగారు. "సంతోషం వస్తే చెయ్యి ఆగదు బిడ్డా."

"నా చెయ్యి ఆగింది!" అని అరిచాడు బరియాలై. "పోండి. మీ గొర్రెను మీరే తినండి. నేను మాఫ్ చెయ్యను!"

ఎవరూ కదల్లేదు. వెనక గుంపు మాత్రం రెండుగా చీలి దారిచ్చింది. గొర్రె తాడు పట్టుకుని నిలబడి ఉన్నవాడు షిరీన్ దిల్. తలపాగా తీసేసి ఉంది. భుజానికి ఆ పాత తుపాకీ వేలాడుతోంది.

"బాబా, నువ్వక్కడేం చేస్తున్నావు? లోపలికి రా."

షిరీన్ దిల్ గడప దాకా వచ్చాడు కానీ దాటలేదు. తుపాకీ తీసి గడపకు అడ్డంగా పెట్టాడు. తన ఇంటి ముందే పరాయివాడిలా చేతులు కట్టుకున్నాడు.

"నేనూ కాల్చాను. జట్టు గెలిచిందని కాదు. వచ్చే ఏడు అందులో నువ్వుంటావని."

బరియాలై ఊరందరినీ అడిగాడు. ఇంట్లో అడగలేదు.

వంగి తుపాకీ తీశాడు. జనం వెనక్కి జరిగారు. "బిడ్డా, వద్దు!" అన్నాడు మలిక్. బరియాలై ఎవరివైపూ గురిపెట్టలేదు. గొట్టం ఆకాశానికెత్తి, కుడి చూపుడు వేలు ట్రిగ్గర్ మీద పెట్టాడు. నొక్కబోయాడు. మెడ నరాలు ఉబ్బాయి. పళ్లు కొరుక్కున్నాడు. వేలు కర్రముక్కలా అలాగే నిలబడింది.

"చూశావా బాబా? సంతోషం వచ్చినా ఇక నేను కాల్చలేను."

తుపాకీని వాకిట్లోకి విసిరేశాడు. తండ్రి గడప బయటే ఏడుస్తూ నిలబడ్డాడు, ఆ ఒక్క మాట కోసం.

"మాఫ్ చెయ్యను బాబా," అన్నాడు బరియాలై. "లోపలికి రా. నాకు ముద్ద పెట్టేదెవరు?"