గంపలో అడిగిన మాట

నిన్న మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. రెండో కూతురి పెళ్లి కుదిరిందట. "రిసెప్షన్లో నువ్వే మాటాడాల అన్నయ్యా, నీ నోటంట వస్తేనే అందం" అంది. సరేనన్నాను గానీ, ఫోన్ పెట్టేయగానే ఎందుకు ఒప్పుకున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మా బంధువుల్లో మైకు పట్టుకునే అర్హత నాకెలా వచ్చిందంటే, నేను కొత్తవలస స్టేషన్లో చాలాకాలం రైళ్ల రాకపోకలు చెప్పేవాణ్ణి. రైలు మూడు గంటలు ఆలస్యమన్న సంగతి కూడా వినసొంపుగా చెబుతానని మా బావ ఏడిపించేవాడు. దాంతో ఏ పెళ్లయినా భోజనాలకు ముందు నాలుగు మాటలు నావే. ఊరికే పొగడటం నాకు గిట్టదు. పది రోజుల ముందే పెళ్లికొడుకు వీధికి వెళ్లి, ఏ బడ్డీ దగ్గరో నిలబడి, అతని గురించి రెండు ముచ్చట్లు ఏరుకొచ్చేవాణ్ణి. ఎంత పనికిమాలినవాడికైనా సొంత వీధిలో ఒక్క మంచి ముచ్చట దొరుకుతుంది. చిన్నప్పుడు కుక్కకు భయపడి గోడెక్కి దిగలేకపోయాడన్నా చాలు, నేను దాన్ని పది నిమిషాలు సాగదీయగలను.

ఐదేళ్ల కిందట పెద్ద మేనకోడలి పెళ్లికి ముందు అలాగే చీపురుపల్లి వెళ్లాను. పెళ్లికొడుకు వాళ్లకి బజార్లో గుడ్డల దుకాణం, పైన మేడ. ఎదురుగా ఉన్న టైలర్ని అడిగితే, మిషను ఆపి "మంచోడే బాబూ" అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. టీ కొట్టతను కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతూ "ఆల సంగతి మాకేటి తెలస్తాది" అన్నాడు. వాళ్ల గుమ్మం అతని పొయ్యికి నాలుగడుగుల దూరం. చివరికి పూలమ్మే ముసలావిడ మూర కొలుస్తూ, తలెత్తకుండా, "పిల్ల గట్టిదేనేటి బాబూ?" అంది. ఎందుకమ్మా అంటే, "ఏటీ నేదు, ఊరికే" అని ఇంకో మూర ఎక్కువ కొలిచి ఇచ్చింది. తిరుగు రైల్లో ఆ పూలు నా ఒళ్లో వాడిపోతుంటే నాకు భయం వేసింది. అప్పటికే శుభలేఖలు పంచేశారు. చెల్లెలు ఇంటికొచ్చిన వాళ్లందరికీ పట్టుచీరలు చూపిస్తోంది. నేనేమని చెప్పను? ఎవరూ ఏమీ అనలేదు కదా.

ముహూర్తం వేళ పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోయడం మేనమామల పని. నేనూ మా తమ్ముడూ చెరోపక్క పట్టాం. గుమ్మం నుంచి మండపానికి పాతిక అడుగులు. కొబ్బరిబొండాం గుండెకు హత్తుకుని కూర్చున్న పిల్ల, సన్నాయి మోతలో నాకొక్కడికే వినబడేలా అడిగింది. "మావా, ఆల ఊరెల్లొచ్చావంట కదా. ఏటన్నారు?"

"మంచోడేనన్నారమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. టైలర్ అన్నాడు.

రిసెప్షన్లో మైకు చేతికిచ్చారు. చెప్పడానికి ముచ్చట లేదు కాబట్టి ఒకటి కల్పించాను. వానలో జారిపడిన ముసలమ్మను చేతుల మీద ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లిన కుర్రాడని. గొంతు ఆరోజు బాగా పలికింది. చెల్లెలు కళ్లొత్తుకుంది. పెళ్లికొడుకు ముందు తెల్లబోయి నావైపు చూశాడు, తరువాత మెల్లగా నవ్వాడు. ఆ కథ అబద్ధమని ఆ హాల్లో కచ్చితంగా తెలిసినవాళ్లం ఇద్దరమే. నవ్వుతూనే మా పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. చప్పట్లు ఆగినా వదల్లేదు. పట్టు బిగిసి అతని వేళ్లు తెల్లబడటం నాకు కనిపించింది. నేను మైకు పక్కవాళ్లకు అందించి భోజనానికి వెళ్లాను. పనసకాయ కూర బాగుందని రెండోసారి వేయించుకున్నాను కూడా.

పెళ్లయిన ఏడు నెలలకే మా పిల్ల అదే మణికట్టుకు కట్టుతో పుట్టింటికి వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

నిన్న చెల్లెలి తరువాత కాసేపటికి ఆ పిల్లే ఫోన్ చేసింది. "సెల్లికి కుదిరినోళ్ల ఈదికి ఈపాలి నేనూ వస్తాను మావా. నువ్వు మాటాడకు, నేనడుగుతాను" అంది.

ఈ ఐదేళ్లలో ఎన్ని రైళ్లెక్కి దిగానో లెక్కలేదు గానీ, గుమ్మం నుంచి మండపానికి ఉన్న ఆ పాతిక అడుగులు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాను, గంప దించనేలేదు.