ముందు పన్నెండు, వెనక యాభై రెండు

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు డ్యూటీలో చేరాను. పోస్టింగు ఆదోని, పత్తి మార్కెట్ వెనక సందు, ఖాజా మేస్త్రీ రేకుల షెడ్డు. ఎండ ముప్పై ఎనిమిది. గాలి లేదు. ఎదురు మిల్లులోంచి దూది పింజలు లేచి షెడ్డులో గ్రీజు ఎక్కడుంటే అక్కడ వాలుతున్నాయి. నా సామగ్రి: హెల్మెట్ ఒకటి, ఎడమ మోకాలికి పట్టీ ఒకటి, నీళ్ల సీసా, నడుము నొప్పి మాత్రలు ఆరు. వయసు అరవై ఏడు.

బండి అప్పుడే బళ్లారి నుంచి ట్రాలీ ఆటోలో దిగింది. నాలుగు వందల యాభై సీసీ మట్టి బండి. సీటు నా నడుము కంటే ఎత్తు. స్టార్ట్ చేస్తే సందులో కుక్కలు లేచి వేరే సందుకు పోయాయి.

సైన్యంలో పదకొండేళ్లు డిస్పాచ్ రైడర్‌గా మంచు కొండల్లో మోటార్ సైకిల్ నడిపానని మేస్త్రీతో చెప్పాను. ఇది కాగితం కాబట్టి నిజం రాస్తాను. పదకొండు నెలలు. మిగతా కాలమంతా నీళ్ల ట్యాంకర్ తోలాను. మంచు కొండలు దూరం నుంచి కనబడేవి.

యూనిఫారం వేసుకోని వాళ్ల కోసం ఇక్కడ రెండు ముక్కలు. బండికి గొలుసు ఉంటుంది. గొలుసుకు ముందొక చిన్న పళ్ల చక్రం, వెనకొక పెద్ద పళ్ల చక్రం. ముందు పళ్లు తగ్గిస్తే బండి ఎద్దులా లాగుతుంది, పరుగు మాత్రం తగ్గుతుంది. వెనక పళ్లు పెంచినా అదే ఫలితం. రాళ్ల దారికి లాగుడు కావాలి, రోడ్డుకు పరుగు కావాలి. ఆ పళ్లు ఎన్నో తేల్చుకోవడమే మొత్తం యుద్ధం.

"సాబ్, ముందర పద్నాలుగు, ఎనక నలభై ఆరు ఉండాయి," అన్నాడు మేస్త్రీ. "కొండకంటే ముందర పదమూడు ఏస్తా. బండి శానా గట్టిది. మీరేమో..."

"నేనేమి?"

"మీరూ గట్టే సాబ్. మోకాలొక్కటే."

"పదిహేను వెయ్యి."

"పదిహేనా? అది రోడ్డు మీద రయ్యిమని పోయేకి సాబ్. రాళ్ల మీద క్లచ్చి కాలిపోతాది."

"సైన్యంలో పదిహేనుకు తక్కువ నేను చూడలేదు!"

సైన్యంలో నేను ఏ చక్రానికీ పళ్లు లెక్కపెట్టలేదు. కానీ షెడ్డులో నలుగురు టీ తాగుతూ వింటున్నారు. నలుగురు వింటున్నప్పుడు నా నోట చిన్న అంకె రాదు.

అదే రోజు సాయంత్రం ఏడున్నరకు ఇంట్లో ఆర్డర్లు అందాయి. ఇచ్చింది మా ఇంటావిడ. పోయిన ఏడు వాకిట్లో నిలబడి ఉన్న స్కూటర్ మీద నుంచి పడి మోకాలు చిట్లించుకున్న మనిషిని నేను. స్కూటర్ స్టాండ్ మీదే ఉంది. కాబట్టి ఆమె గొంతు పెంచాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"ఆదివారం ఎమ్మిగనూరుకు, మా చెల్లెలింటికి పో. రోడ్డున కాదు. నువ్వు అందరికీ గొప్పలు సెప్తావే, ఆ కొండదావన పో. వచ్చేటప్పుడు రోడ్డునే రా. సాయంత్రం ఆరుకు ఈ గడపలో ఉండాల. ఎవురూ తోయకూడదు, ట్రాలీలో ఏసుకోని రాకూడదు. అట్ల వచ్చినావా, బండి నీది. ల్యాకుంటే సోమారం బండి అమ్మిన ఆ బళ్లారి ఆయప్పే వచ్చి ఎనక్కి తీసుకపోతాడు. మాట్లాడినా."

ఆమె మాట్లాడిందంటే మాట్లాడినట్టే.

మంగళవారం ముందు చక్రం పదిహేను పళ్లకు మారింది. బుధవారం పొద్దున ఐదు నలభైకి కొండ కింద రహస్య సాధన. నా వెంట సిగ్నల్‌మన్. ఊరు మద్దికెర, సైన్యంలో సిగ్నల్స్ చూసేవాడు, ఇప్పుడు ఆదోనిలో మా పక్క వీధి. ఎర్ర మోపెడ్ మీద తిరుగుతాడు. ఫోనులో గానీ ఎదురుగా గానీ, రిటైరై పదిహేనేళ్లయినా 'ఓవర్' లేకుండా మాట ముగించలేడు.

నలభై గజాల ఎక్కుడు. అతను కింద, నేను బండి మీద, నా ఫోను హెల్మెట్‌లో ఇరికించి ఉంది. బండి ఐదుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ మోకాలితో ఆనుకోవాల్సి వచ్చింది.

"అన్నా, ఐదో తూరి నిల్సిపోయింది. ఓవర్."

"చూశాను. ఓవర్."

"క్లచ్చి వాసన ఈడి దాకా వస్తాంది. పళ్లు తగ్గించుకోరాదా? ఓవర్."

"నేలను పరిశీలిస్తున్నాను. ఓవర్."

నేలను పరిశీలించిన మాట నిజమే. నేను దాని మీదే పడుకుని ఉన్నాను.

పదిహేను పళ్లతో ఆ కొండ నేను ఎక్కలేనని ఆ పొద్దున తేలిపోయింది. మేస్త్రీ దగ్గరికి వెళ్లి తగ్గించమని అడగొచ్చు. కానీ టీ తాగే ఆ నలుగురూ అక్కడే ఉంటారు. శుక్రవారం బ్యాంకులో పెన్షన్ పని ఉందని ఇంట్లో చెప్పి, రోడ్డు మీద ఎమ్మిగనూరు పోయాను. అక్కడ రంగన్న అనే మెకానిక్కు నా చరిత్ర తెలియదు.

"పన్నెండు వెయ్యి," అన్నాను.

"పన్నెండంటే మరీ సిన్నది కదన్నా. పదమూడు సాలు."

"పన్నెండు. ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదు."

"నాకు నువ్వెవురో తెలిస్తే కదన్నా, సెప్పేకి!"

ఆ జవాబు కొంచెం నొప్పించింది. పదమూడు చాలని నాకూ తెలుసు. పన్నెండు అన్నది భయం. వచ్చేటప్పుడు ఇంజను కాస్త గట్టిగా అరిచింది, అంతే. అరవై వేగంలో హాయిగా ఇల్లు చేరాను.

శనివారం ఇంటావిడ ఎన్నడూ లేనిది బండి గురించి ప్రేమగా అడిగింది. "రేపు దూరం పోయేది కదా, మేస్త్రీకి సూపించు. ఆయిలూ గీయిలూ సూస్తాడు." చూపించాను. సాయంత్రం ఆరింటికి మేస్త్రీ బండి అప్పగిస్తూ, "చైనుకు రెండు లింకులు కలిపినా సాబ్," అన్నాడు.

"ఎందుకు?"

మేస్త్రీ దూది పింజల వైపు చూశాడు. "సాగింది సాబ్."

గంభీరంగా తల ఊపాను. సాగిన గొలుసుకు లింకులు తీస్తారు గానీ కలపరు. సైకిల్ తొక్కే పిల్లవాడికి కూడా తెలిసే విషయం. ఆ తల ఊపుడు నా సర్వీసులో అతి పెద్ద తప్పు.

ఆదివారం. ఆరు గంటలకు బయలుదేరాం. ఆకాశం నిర్మలం. పెట్రోలు ఫుల్. ఆరు ఇరవై ఐదుకు కొండ కింద ఉన్నాం. ముందు ఎర్రమట్టి, ఆపైన గుండ్లు. ఒక్కో గుండు గేదె పడుకున్నంత. సిగ్నల్‌మన్ మోపెడ్ ఆపి బీడీ ముట్టించాడు. అతను కొండ చుట్టూ బండ్ల బాటన వచ్చి అవతల కలుస్తాడు.

ఫస్ట్ గేరు వేసి యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పాను. తర్వాత జరిగింది సైనిక పద్ధతిలో రాస్తున్నాను. బండి ముందుకు పోలేదు. పైకి పోయింది. ముందు చక్రం లేచి తూర్పు దిక్కుకు సెల్యూట్ కొట్టింది. అలాగే ఒంటి చక్రం మీద మొదటి గుండు దాటింది, రెండోది దాటింది.

"అన్నా, ముందర చక్రం యాడుండాది? ఓవర్."

"పైన. ఓవర్."

"కావాలనే ఎత్తినావా? ఓవర్."

"అవును. ఓవర్."

కాదు. నేను హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నాను. కాళ్లు ఎక్కడున్నాయో ఇప్పటికీ చెప్పలేను. కానీ బండి ఒక్కసారి ఆగలేదు, ఒక్క మెట్టు జారలేదు. సిగ్నల్‌మన్ బీడీ సగం కాలేసరికి నేను కొండ మీద ఉన్నాను. కింద ఆదోని మిద్దెలు, అవతల పగుళ్లిచ్చిన నల్లరేగడి చేలు, ఇంకా అవతల కాలువ గట్టు. పన్నెండు పళ్లకు ఇంత బలమా అనుకున్నాను. ఆ బలమంతా నాదేనని కూడా అనుకున్నాను.

దిగుడు, చేల గట్లు, కాలువ గట్టు, అన్నీ నడక వేగంతో దాటి పదకొండు నలభైకి ఎమ్మిగనూరు. మరదలు అక్కకు ఫోన్ చేసి, "బావ వచ్చినాడు, వొళ్లంతా దుమ్ము, మనిషి బాగుండాడు," అని సాక్ష్యం చెప్పింది. జొన్నరొట్టె, గుత్తి వంకాయ. రోడ్డు ముప్పై చిల్లర కిలోమీటర్లు, అర గంట చాలు కాబట్టి నాలుగున్నరకు బయలుదేరాలని నిర్ణయం. నాలుగు యాభైకి బయలుదేరాం. వ్యూహాత్మక ఆలస్యం అని రాయొచ్చు. నిద్రపోయాను.

రోడ్డెక్కాక తెలిసింది. రెండు వందల గజాల్లో టాప్ గేరు పడింది. మీటరు ముప్పై ఎనిమిది. ఇంజను మాత్రం నూరు మీద పోతున్నట్టు కేకలు పెడుతోంది. నలభై రెండుకు నా కట్టుడు పళ్లు కదిలాయి. నలభై ఐదుకు అద్దంలో వెనక రోడ్డు రెండుగా కనబడింది. ఇక్కడొక నిజం. బండి ఇంకా పోగలదు. నేనే పోలేకపోయాను.

"అన్నా, నా మోపెడ్ నిన్ను దాటిపోయేట్టుండాది. దాటల్లా, నిల్సల్లా? ఓవర్."

"వెనకే ఉండు. ఇది ఆర్డర్. ఓవర్."

"ఇంత మెల్లగా నాకు తోలేకి రాదన్నా. పడిపోతా. ఓవర్."

ఐదు ఇరవైకి ఇంజను ఉడికి ఆవిరి వదిలింది. ఒక కల్వర్టు దగ్గర ఆపి పది నిమిషాలు చల్లార్చాను. అటు పోయే ట్రాలీ ఆటో అతను ఆగి, "ఎక్కించల్లా పెద్దాయన?" అని అడిగాడు. ఆరు కావడానికి ముప్పై నిమిషాలుంది. ఆదోని ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు. ఎక్కిస్తే ఇరవై నిమిషాల్లో ఊళ్లో ఉంటాను. బండి మటుకు సోమవారం బళ్లారిలో ఉంటుంది.

"వద్దు నాయనా," అన్నాను.

ఐదు యాభై ఆరుకు మా గడప ముందు ఆపాను. ఇంటావిడ గోడ గడియారం తెచ్చి అరుగు మీద ఆనించి, దాని పక్కనే కూర్చుని ఉంది. నన్ను చూడలేదు. సిగ్నల్‌మన్‌ను అడిగింది.

"ఎవురన్నా తోసినారా?"

"ల్యాదక్కా. తోసుంటే ఇంకా బెరీన వచ్చేవోళ్లం."

చివరి 'ఓవర్' అతనికి నోట్లోనే ఆగిపోయింది. మా ఇంటావిడంటే ఎవరికైనా అంతే.

నేను హెల్మెట్ తీశాను. గెలిచిన మనిషి నోరు మూసుకుని ఉండాలి. ఉండలేకపోయాను. "ఒక సంగతి చెప్పాలి. పదిహేను పళ్లతో కాదు నేను పోయింది. దొంగతనంగా పన్నెండు వేయించాను."

"ముందరా?"

"ముందర."

ఆమె గడియారాన్ని పక్కకు జరిపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగుతున్నాయి. కొంగు తీస్తే కనబడింది నవ్వు.

"నేను నిన్న మేస్త్రీతో సెప్పి ఎనక యాభై రెండు ఏయించినా."

"ఎందుకే?"

"రోడ్డు మీద ఉరకకూడదని. కొండ మీద పడితే రాయి తగుల్తాది. రోడ్డు మీద పడితే లారీ తగుల్తాది."

ఆమె లేచి, బండి సైలెన్సర్ వేడిగా ఉందో లేదో దూరం నుంచే చెయ్యి పెట్టి చూసి, "లోపల పెట్టుకో నీ బండిని," అంది.

సోమవారం మేస్త్రీ ఇంటికి వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు. "చైను వదులైతే, మీరు తోలే తోలుడుకు సాగిందనుకున్నా సాబ్. ముందర పన్నెండుందని నాకేం తెలుసు? ఏదో ఒకటి తీసేద్దాం. ముందరదా, ఎనకదా?"

లోపలి నుంచి జవాబు వచ్చింది. "రెండూ ఉండనీ."

ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. షెడ్డులో టీ తాగే నలుగురికీ నేను ఒంటి చక్రం మీద కొండ ఎక్కిన సంగతి మాత్రమే తెలుసు. నేనే చెప్పాను, చాలాసార్లు.

ఒకటి మాత్రం ఇంట్లోనూ చెప్పలేదు, షెడ్డులోనూ చెప్పలేదు. కల్వర్టు దాటాక, నా ఎడమ పక్కకు ఒక ప్యాసింజర్ ఆటో వచ్చింది. నందవరం పక్క చేలల్లో కూలికి పోయి వస్తున్న ఆడవాళ్లు, వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న వాళ్లతో కలిపి పది మంది ఉంటారు. ఆటో నన్ను దాటలేదు. నా వేగం, దాని వేగం ఒకటే. చివర కూర్చున్న ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమప్పా, అరుపు ఇంతుండాది, పోయేది ల్యాదే?"

"పోతాండానమ్మా," అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత నా నోట ఊరి మాట వచ్చింది.

"పొద్దన్నుంచీ ఏమన్నా తిన్నావా?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె ఒడిలోంచి పిడికిలి తీసి, రోడ్డు మీదుగా నా వైపు చాపింది. ఉడకబెట్టిన బుడ్డలు, మీరు వేరుశనగకాయలంటారే, అవి. నలభై మీద ఆటో, నలభై మీద నేను. ఎడమ చెయ్యి వదిలి అరచెయ్యి చాపాను. మట్టి పట్టిన ఆ వేళ్లు నా చేతిలో తెరుచుకున్నాయి. కాయలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఒక్కటి కూడా కింద పడలేదు.