మగ్గాల చప్పుడు మాటున రేడియో

మొన్న నకిరేకల్‌లో ఒక పెళ్లికి వెళ్తే డీజే పెట్టెల మోతకు గుండె అదిరి, వెనక వరుసలో ఓ కుర్చీ చూసుకుని కూర్చున్నాను. పాటంటే ప్రాణం పెట్టిన మా మేనమామ ఎందుకో అప్పుడు గుర్తుకొచ్చారు.

అమ్మ పోయాక నేను పెరిగింది ఆయన ఇంట్లోనే. నకిరేకల్‌కు దగ్గరలోని మా సాలెల వాడలో రేడియో ఉన్నది మామ ఒక్కరికే. లారీ బ్యాటరీతో నడిచే ఆ పెట్టెను ఆయన ఏనాడూ తనదనుకోలేదు. సాయంత్రం అరుగు మీద పెట్టి, మద్రాసు నుంచి లలిత గీతాలు వచ్చే వేళకు వాడనంతా పిలిచి కూర్చోబెట్టేవారు, నచ్చిన పాటను మరునాడు నూలు చుడుతూ మా ఆడపిల్లలకు నేర్పేవారు.

రజాకార్ల రోజులు వచ్చాక పెట్టె లోపలి గదిలోకి వెళ్లింది. బయటి వార్తలు విన్నవారిని పట్టుకుపోతున్నారని చెప్పుకునేవారు. అయినా ఏ ఊరు తగలబడిందో, యూనియన్ సైన్యం వస్తుందో రాదో తెలియక జనం మామ దగ్గరికే వచ్చేవారు. ఆయన తలుపు వేసి రేడియో పెట్టగానే, ఆ గొంతు బయటికి పోకుండా వాడలోని మగ్గాలన్నీ జోరుగా ఆడేవి. వార్తల తర్వాత ఒక్క పాటైనా వినకుండా మామ కట్టేసేవారు కాదు. ఆ పాట అయ్యేదాకా అత్త కళ్లు తలుపు మీదనే.

“గా పెట్టెతోని పానం మీదికొస్తది. బాయిల పారేస్తే పోదా?” అంది అత్త ఒకరోజు.

“వాడంత దీని మీదనే ఆశ పెట్టుకున్నది. గిప్పుడు పారేస్తే వాళ్లకు ఎవరు చెప్తరు?” అన్నారు మామ.

ఒక మధ్యాహ్నం రజాకార్ల లారీ రానే వచ్చింది. మామ పెట్టెను గోనెసంచిలో చుట్టి మగ్గం గుంటలో దించితే, అత్త దాని పక్కనే కాళ్లు పెట్టుకుని నేయడం మొదలుపెట్టింది. ఇల్లంతా వెతికి, ఏమీ దొరకక వెళ్లబోతూ ఒకడు పెంకుల మీది ఏరియల్ తీగను చూశాడు. నూలు ఆరేసుకునేదని మామ చెప్పినా నమ్మక ఆయనను లారీ ఎక్కించారు. అత్త మగ్గం ఆపలేదు. ఆపితే కాళ్ల వణుకు కనబడుతుందని భయపడ్డానని తర్వాత నాతో చెప్పింది.

మామ ఉన్నారో లేదో తెలియని ఆ రోజుల్లో రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా అత్త తింటున్న అన్నం వదిలి గుమ్మంలోకి వచ్చేది. చివరికి సూర్యాపేట వైపు నుంచి మిలిటరీ వస్తోందన్న మాట పుట్టింది గాని, నిజమో కాదో చెప్పేవారు లేరు. అత్తే పెట్టెను పైకి తీసి, ఎన్నడూ తాకని దాని మీటలు తిప్పి తిప్పి చూసింది. ముందు ఎవరిదో పాట వచ్చింది. వాడ వాడంతా ఒకరినొకరు ఆనుకుని అది అయ్యేదాకా కూర్చుంది. ఆ తర్వాత, నిజాం సైన్యం లొంగిపోయిందన్న వార్త.

వాడలోని మగవాళ్లు రజాకార్ల క్యాంపుకు వెళ్లి మామను ఎడ్లబండిలో పడుకోబెట్టి తెచ్చారు. క్యాంపులో చాలా కొట్టారట. కాస్త కోలుకున్నాక ఆయన రేడియో పెట్టించుకుని, ఎడమ చెవి దానికి ఆనించి, చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా తల తిప్పి కుడి చెవి పెట్టారు. అత్త ముఖం చూసి, “గీ చెవికి ఇనవడ్తలేదు. ఇంకోటి ఉన్నది గద,” అన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, ఆయన మెడ అలా ఒక పక్కకు వంచుకునే వాడనంతా మళ్లీ అరుగు మీదికి పిలిచి పాట వినిపించేవారు. ఇప్పుడు మగ్గాలు లేవు, అరుగులూ లేవు. పాట పెట్టేముందు ఎవరూ వీధి వైపు చూడనక్కర లేదు. అది నాకు సంతోషమే. కానీ అత్త రేడియో పెట్టిన ఆ రోజు, ఒక్క పాట అయ్యేదాకా, పక్కవారి ఊపిరి వినబడేంత దగ్గరగా మేమంతా కూర్చున్నాం. అలా కూర్చున్న జనం నాకు మళ్లీ ఎక్కడా కనబడలేదు.