ఖదగాన్ నోయన్ దొంగ పరుగు

ఖదగాన్ నోయన్ బుద్ధెరిగాక ఒక్కసారి కూడా పారిపోలేదు. వెనక్కి పరిగెత్తిన మాట నిజమే. కాని ఆయన లెక్కలో అది పారిపోవడం కాదు, ఎర. శత్రువును వెంటపడనిచ్చి, జీనుమీదే గిరుక్కున తిరిగి బాణాలు కురిపించడం మంగోలులకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. వెయ్యిమంది రౌతుల నాయకుడైన నోయన్ ఆ విద్యను యుద్ధానికే పరిమితం చేయలేదు.

భార్య పులిసిన గుర్రప్పాల కుమిస్ చిలికే కవ్వం పట్టుకుని తరిమితే, గుడారం చుట్టూ ఏడు చుట్లు తిరిగి, రొప్పుతూ, ఎర వేశాను, పడింది అనేవాడు. ఆవిడ సంగతేమోగాని, కవ్వం మాత్రం ఆయన వీపుమీద పడేది. ఒకసారి మదమెక్కిన ఒంటె వెంటపడితే మూడురోజుల దారి ఒక్కపూటలో ముగించాడు. ఒంటె సొమ్మసిల్లింది. ఆయన విజయోత్సవం చేయించాడు.

ఈ కథలన్నీ నగారా మోగించే ముంగెతుకు కంఠతా వచ్చు. దొంగ పరుగుకు గుర్తు అతని నగారామీద మూడు దెబ్బలు. ఆ మూడూ మోగకముందే ఎవడైనా వెన్ను చూపితే, వాడితో కలిపి వాడి జట్టులోని పదిమంది తలలూ ఎగిరిపోతాయి. అది ఖాను చట్టం.

హోమ్స్ మైదానంలో సుల్తాను కొన్న బానిస సైనికులైన మమ్లూకులు విరుచుకుపడ్డారు. వాళ్ళలో సగంమంది మన స్టెప్పీ గడ్డిమైదానాల్లో పుట్టినవాళ్ళే. తాతకు దగ్గులు నేర్పినట్టు, వాళ్ళకే ఈ ఎర చూపితే ఏం లాభం? మధ్యాహ్నానికి మనవాళ్ళు ఎవరి ఆజ్ఞా లేకుండానే తోకముడిచారు. దుమ్ము అటు, వీళ్ళు ఇటు. అప్పుడు నోయన్ తీరిగ్గా గుర్రం తిప్పాడు.

"ఒరే ముంగెతూ, మూడు కొట్టరా."

"అందరూ ఎప్పుడో పరుగెత్తారు దొరా. ఇప్పుడెవరికి కొట్టను?"

"కొట్టరా అంటే."

చావు ముంచుకొస్తున్నా ఈయన బడాయి చావదనుకుంటూ, ముంగెతు మూడు వాయించి, నగారా మోసే తన ఒంటెను అదిలించాడు.

యూఫ్రటీస్ నది దాటాక విచారణ జరిగింది. ఖాను పంపిన న్యాయాధికారి, నవ్వడం నిషేధమన్నట్టున్న మనిషి, ముందు నోయన్‌ను అడిగాడు. మామూలుగా దొంగ పరుగు ఓ కొండ దాకా ఉంటుంది కదా, మీది నది దాటిందేమిటని.

"ఎర పొడుగైంది" అన్నాడు నోయన్. "మమ్లూకులు ఇంకా అలసిపోలేదు."

ఓడిన నాయకుడనే పేరుకు నవ్వులపాలైన నాయకుడనే పేరు కూడా తోడైంది. ఆ పూటే పదవికి గుర్తైన ఆయన బంగారు నడికట్టు ఊడదీశారు. తరవాత న్యాయాధికారి ముంగెతు వైపు తిరిగాడు.

"నగారా ముందా, పరుగు ముందా?"

ముంగెతు వెనక్కి చూశాడు. బతికొచ్చిన ఆరువందలమందీ తమ మెడలు తడుముకుంటున్నారు. వట్టి నడుముతో నిలబడ్డ నోయన్ మాత్రం ఆకాశంలో గద్దను చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ముంగెతుకు ఆ బడాయి అర్థమైంది.

"నగారానే ముందు" అన్నాడు. "దుమ్ములో నాకే ఆలస్యంగా వినిపించింది."

ఒక్క తలా తెగలేదు.

నోయన్ ఇల్లు చేరేసరికి, నడికట్టు పోయిన కబురు ఆయనకంటే ముందే చేరింది. భార్య కవ్వంతో గుమ్మం దాటింది. నోయన్ రెండడుగులు వెనక్కి వేసి, బిక్కమొహంతో ముంగెతును చూశాడు.

ఎవరూ అడక్కుండానే ముంగెతు నగారామీద మూడు దెబ్బలు కొట్టాడు.